కొడుకు అమెరికా సిటిజన్ అవుతున్నాడు: తోట, పాస్‌పోర్టు, మనవాడా కాదా అన్న ప్రశ్న

మాస్టారూ, మీరు అడిగినవాటిని నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీది ఉలవపాడు దగ్గర పల్లె, హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు, గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్ళు దాటింది, వచ్చే నెలలో సిటిజన్‌షిప్ ప్రమాణం. "వేరే దేశానికి విధేయుడిగా ఉంటానని ఒట్టు పెట్టుకున్నవాడు ఇక భారతీయుడెట్టా అవుతాడు? అది జరిగేలోపు నాలుగెకరాల మామిడితోట వాడి పేరున రాసేయాలా? మనవళ్ళకు తెలుగు రాదు, వాళ్ళను మనవాళ్ళనుకోవాలా? ప్రమాణానికి రమ్మంటున్నాడు, పోవాలా వద్దా?" అన్నారు. చివర్లో రొయ్యల చెరువుల మీద పనికొచ్చిన ఒడిశావాళ్ళు మనలో కలవడం లేదని ఇంకో మాట కూడా రాశారు. దానికీ వస్తాను.

నేను నెల్లూరులో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. కావలి, కందుకూరు, కోవూరు, పొదలకూరు వైపు నుంచి విదేశాల్లో పిల్లలున్న కుటుంబాల ఆస్తి కాగితాలు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి.

ముందు సూటిగా జవాబు. చట్టం దృష్టిలో ప్రమాణం పూర్తయిన క్షణం నుంచి మీ అబ్బాయి భారత పౌరుడు కాడు. తోటను ఇప్పుడు ఆయన పేరున రిజిస్టర్ చేయకండి, వీలునామా రాయండి. ప్రమాణానికి వెళ్ళండి. ఇంకో మాట మీకు వింతగా ఉండొచ్చు: ముసలితనంలో మీకు అక్కరపడితే గ్రీన్ కార్డు ఉన్న కొడుకు కంటే సిటిజన్ అయిన కొడుకే తేలిగ్గా వచ్చి మీ దగ్గర ఉండగలడు.

మొదటి మాట చట్టంలో ఉన్నదే. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తనంతట తాను ఇంకో దేశం పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది దానంతటదే పోతుంది. ఎవరూ ఆర్డరు ఇవ్వనక్కర్లేదు, మనం రాజీనామా ఇవ్వనక్కర్లేదు. రాజ్యాంగంలో 9వ అధికరణం అప్పటికే అదే చెప్పింది. దేశం రెండు ముక్కలై, ఎవరు ఇటు ఎవరు అటు అని తేలని రోజుల్లో రాసుకున్న మాటలవి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు.

తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుంటాడు. 2005లో చట్టం సవరించి, 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో దీన్ని మొదలుపెట్టారు. మన ఊళ్ళల్లో దీన్ని డ్యూయల్ సిటిజన్‌షిప్ అంటుంటారు, కాదు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడడానికి లేదు, సర్కారు ఉద్యోగం లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఉన్నదేంటంటే జీవితాంతం వీసా. ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, ఎంతకాలమున్నా పోలీసుల దగ్గర నమోదు చేసుకోనక్కర్లేదు.

ఇక్కడే నేను ముందు చెప్పిన సంగతి ఉంది. గ్రీన్ కార్డువాడు ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే ఆ కార్డుకే ఎసరు. ఆర్నెల్లు దాటినా సిటిజన్‌షిప్‌కు కావలసిన అయిదేళ్ళ లెక్క తెగిపోయే ప్రమాదముంది. హెచ్1బి, అంటే ఉద్యోగ వీసా, మీద ఉన్నవాడి సంగతి ఇంకా అన్యాయం. ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఊరికొస్తే తిరిగి వెళ్ళేటప్పుడు వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో అని టెన్షన్. కావలిలో నాకు తెలిసిన ఇంట్లో తల్లి బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగింది. గ్రీన్ కార్డు మీదున్న కొడుకు పరుగున వచ్చాడు, నెల తిరిగేసరికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరూ తిట్టుకున్నారు. తర్వాత అతనే సిటిజన్ అయి, ఓసీఐ తీసుకుని, ఆమె మంచాన పడ్డ చివరి ఏడాదంతా కావలిలోనే ఉన్నాడు. రాత్రుళ్ళు ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం, పగలు ఆమె సేవ. (182 రోజులు దాటితే మన ఇన్‌కంటాక్స్ లెక్కలోకి వస్తాడు, అది ముందే చూసుకోవాలి.) అతను సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు "దేశం వదిలేశాడు" అన్నవాళ్ళే ఆ ఏడాది వచ్చి కొడుకంటే ఇట్టా ఉండాలన్నారు.

ఇప్పుడు తోట. ఇక్కడ నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే ఇదే పొరపాటు పదే పదే చూస్తున్నాను. "సిటిజన్ అయ్యేలోపు రాయించేయాలి" అని ఎవరో చెప్పారన్నారే, ఆ సలహా తప్పు. భూమి విషయంలో ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం పట్టించుకునేది పాస్‌పోర్టు రంగు ఒక్కటే కాదు, మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్నది. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా, విదేశంలో స్థిరపడినవాడు ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికీ లేదు, దానంగా పుచ్చుకోవడానికీ లేదు. అంటే మీ అబ్బాయికి మీరు పొలాన్ని దాన సెటిల్మెంటుగా రాసే వీలు ఈ రోజూ లేదు, ప్రమాణం తర్వాతా లేదు. మాగాణైనా, మెట్టయినా, మామిడితోటైనా అంతే. ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే రాసి ఉంటే ఆ భూమి నిక్షేపంగా ఉంచుకోవచ్చు. ఆ రోజులు దాటిపోయాయి.

వారసత్వానికి మాత్రం అడ్డు లేదు. ఇక్కడ నివసించే తండ్రి నుంచి వారసత్వంగా, వీలునామాతోగానీ లేకుండాగానీ, ఎన్నారై అయినా ఓసీఐ అయినా వ్యవసాయ భూమి పొందవచ్చు, ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే భారత పౌరుడై, భారతదేశంలో నివసించేవాడికే అమ్మాలి. పక్క పొలం రైతు కొంటే సరే, హ్యూస్టన్‌లో ఉన్న బావమరిది కొంటానంటే కుదరదు. వచ్చిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే బ్యాంకు ఖాతాలో పడుతుంది. పన్నులు కట్టాక ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్ళవచ్చు. మన తోటలకు ఆ పరిమితి చాలుతుందనుకుంటాను.

కోవూరు వైపు ఒక పెద్దాయన, పెద్దకొడుకు న్యూజెర్సీలో. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాసయ్యాడని తెలియగానే మూడెకరాల మాగాణి హడావుడిగా సెటిల్మెంటు రాసేశారు. రిజిస్ట్రారాఫీసులో ఎవరూ ఆపలేదు. ఆధార్ ఉంది, పాన్ ఉంది, ఫీజు కట్టారు, రిజిస్టరైపోయింది. అందరూ ఇక్కడే బోల్తా పడతారు, రిజిస్టరైందంటే సక్రమమనుకుంటారు. కొన్నేళ్ళకు అమ్మి డబ్బు పంపించుకోబోతే బ్యాంకు అడిగింది: ఈ భూమి మీకెట్టా వచ్చింది? గిఫ్టు. అప్పుడు మీరెక్కడున్నారు? ఫెమా కింద పెనాల్టీ ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పడొచ్చు. అంతదాకా పోకుండా సర్దుబాటు చేసుకోవడానికి ఆ కుటుంబం పడ్డ తిప్పలు చూస్తే, ఒక్క వీలునామా కాగితంతో పోయేదానికి ఇంత అవసరమా అనిపించింది.

ఊళ్ళో ఇరవై అంకణాల ఇల్లు కూడా ఉందన్నారు. దానికి ఈ గొడవ లేదు. ఇల్లు, ఇంటి స్థలం కొడుక్కి గిఫ్టుగానైనా ఇవ్వొచ్చు, ఆయన కొనుక్కోనూవచ్చు.

వీలునామా గురించి రెండు ముక్కలు. తోట మీ స్వార్జితమా, మీ నాయన నుంచి వచ్చిన పిత్రార్జితమా అన్నది ముందు తేల్చుకోండి. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే మీ వాటాకే మీ వీలునామా చెల్లుతుంది. ఒంగోల్లో మీ అమ్మాయి ఉందన్నారు, ఆమెకూ హక్కుంది. ఆమెకు ఏమిస్తున్నారో స్పష్టంగా రాయండి. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళు ఆస్తి వచ్చేవాళ్ళు కాకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పించడానికి వెళ్ళినప్పుడు తెల్లకాగితం మీద వీలునామాకు, రిజిస్టరైనదానికి రెవెన్యూ ఆఫీసులో ఇచ్చే మర్యాదలో తేడా ఉంటుంది. మీ మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సెటిల్మెంటుకు ఆ వీల్లేదు, ఆ రకంగా కూడా వీలునామాయే మీకు మేలు.

అబ్బాయికి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రమాణం తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. దాన్ని కాన్సులేట్ ద్వారా సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది లేకుండా ఓసీఐ ముందుకు కదలదు. "ఇంకా గడువుంది కదా" అని పాత పాస్‌పోర్టు మీద వచ్చేసి పెనాల్టీ కట్టినవాళ్ళను చూశాను. బ్యాంకు ఖాతాల్లో వివరాలు మార్పించాలి. పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అక్కడి నోటరీతోపాటు అపోస్టిల్ (కాగితం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) ఉండాలి, లేదా కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది బీరువాలో పెట్టి మర్చిపోతారు.

ఓటు విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. ఊరి జాబితాలో పేరుంటే ఫారం 7 పెట్టి తీయించండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకి ఓటుంది, ఊరికి వచ్చి వేసుకోవచ్చు. సిటిజన్‌షిప్ మారినవాడికి లేదు. 2024 మే 13 ఎన్నికలప్పుడు "జాబితాలో పేరుంది కదా సార్, వేస్తే ఎవరికి తెలుస్తది" అని నన్నడిగినవాళ్ళున్నారు. తెలియడం తెలియకపోవడం కాదు, నీది కాని ఎన్నిక నువ్వు తేల్చకూడదు అని చెప్పి పంపించాను. దేశం మీద ప్రేమ ఉందనేవాడు ముందు ఈ పని చేయాలి.

ఇక మీ మనసులో ముల్లు, ఆ ప్రమాణం. అందులో మాటలు గట్టిగానే ఉంటాయి: ఇంతవరకు పౌరుడిగా ఉన్న ఏ పరాయి రాజుకైనా, ఏ దేశానికైనా ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని చెప్పాలి. అవసరమై చట్టం కోరితే ఆయుధం పడతానని కూడా ఉంటుంది. ఆ రాజుల మాట ఈనాటిది కాదు. 1795లో, ఇంగ్లండు రాజు నుంచి విడిపోయిన కొత్తలో, వాళ్ళ చట్టంలో పెట్టుకున్నది. తమాషా ఏమిటంటే ఇప్పుడు ఆ మాట చెప్పించుకున్న అమెరికా పాత పౌరసత్వం వదిలావా లేదా అని వెంటపడదు. అక్కడ బ్రిటన్, కెనడా పాస్‌పోర్టులు కూడా ఉంచుకున్నవాళ్ళు బోలెడు. మన పౌరసత్వం పోయేది మన చట్టం వల్ల.

మీరు దాన్ని ద్రోహమన్నారు, నేను ఒప్పుకోను. ఆ తలుపు మనవాళ్ళకు ఎప్పటినుంచో తెరిచి ఉన్నదేమీ కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగితే వాళ్ళ సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. 1946 దాకా మనవాళ్ళకు ఆ హక్కే లేదు. ఇచ్చినప్పుడు కూడా ఏడాదికి వంద మందికి వలస కోటా. 1965లో చట్టం మారాకే డాక్టర్లు, ఇంజనీర్లు దండిగా వెళ్ళగలిగారు. ఇప్పటికీ ఏ ఒక్క దేశానికీ గ్రీన్ కార్డుల్లో 7 శాతం దాటకూడదన్న నియమం ఉంది కాబట్టి మనవాళ్ళు ఏళ్ళూ పూళ్ళూ క్యూలో ఉంటారు. క్యూలో ఉండగా పిల్లలకు 21 నిండితే వాళ్ళు తండ్రి దరఖాస్తు నుంచి జారిపోతారు. ఇవన్నీ దాటుకుని వచ్చినవాడు, రేపు కంపెనీ తీసేసినా ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు అన్న ధైర్యం కోసం చేసే ప్రమాణం అది. అతని తరంవాళ్ళలో నేను చూసినంతలో అత్యాశ కంటే అలసటే ఎక్కువ.

గల్ఫ్ వాళ్ళను చూడండి. గూడూరు, వెంకటగిరి వైపు నుంచి కువైట్‌కు పోయిన ఆడవాళ్ళు, డ్రైవర్లు ఎంతమంది! ఇరవై ఏళ్ళు అక్కడ చాకిరీ చేసినా అక్కడి పౌరసత్వం వాళ్ళకు కలలో మాట. వాళ్ళను ఎవరూ "నువ్వింకా భారతీయుడివేనా" అని అడగరు, ఎందుకంటే ఇంకోటి అయ్యే దారే లేదు. మన బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి వీసా రావాలన్న కోరికతో వీసా రొట్టె పట్టుకునేవాళ్ళలో వీళ్ళూ ఉంటారు, మీ అబ్బాయిలాంటివాళ్ళూ ఉంటారు. కోరిక ఒకటే. తర్వాత ఎవరు ఏమవుతారన్నది వెళ్ళిన దేశం చట్టం తేలుస్తుంది, మనిషి గుణం కాదు. అలాంటప్పుడు ఒకణ్ణి దేశభక్తుడనీ ఇంకొకణ్ణి ద్రోహి అనీ ఎట్టా అంటాం?

ఇది ఒక్కటి చెప్పి పిల్లల దగ్గరికి పోతాను. ఓ వారసత్వం కేసులో, అప్పటికే ఓసీఐ అయిన ఒకాయన తమ్ముడితో భాగపరిష్కారం చేసుకోవడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చాడు. పాత దస్తావేజుల్లో ఆయన సంతకం తెలుగులో ఉంది, ఇప్పుడు ఇంగ్లీషులో పెడుతున్నాడు. పాత సంతకంతో పోలిక రావడం లేదని గుమాస్తా పేచీ పెట్టాడు. ఆయన బయట బల్ల మీద కూర్చుని జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి తన పేరు తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. ఇంటిపేరులో ఒక ఒత్తు దగ్గర చెయ్యి ఆగిపోతోంది. పక్కన పదేళ్ళ కూతురు నిలబడి "నాన్నా, దట్ వన్ లుక్స్ గుడ్" అంటోంది. నాలుగో వరసకు చెయ్యి దారిలో పడింది, గుమాస్తా ఒప్పుకున్నాడు. ఆ పిల్ల ఆ కాగితం మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

మీ మనవళ్ళు అక్కడ పుట్టారు కాబట్టి పుట్టుకతోనే అమెరికన్లు, వాళ్ళ రాజ్యాంగం 14వ సవరణతో వచ్చిన హక్కది. వాళ్ళకూ ఓసీఐ తీయించవచ్చు. తెలుగు రాకపోవడం గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. శనివారం క్లాసులో అచ్చులు, హల్లులు నేర్పితే అక్షరాలు వస్తాయి, మాట రాదు. మాట అవసరం ఉన్నచోటే వస్తుంది. పొదలకూరు దగ్గర ఒక ఇంట్లో అవ్వకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఎండాకాలం సెలవులకు వచ్చిన మనవడు మొదటి వారం సైగలు చేశాడు, వెళ్ళేనాటికి "ఏందవ్వా, ఈ పప్పులో ఇంత కారం పోశావు" అంటున్నాడు, అదీ అచ్చమైన మన యాసలో. మీరేమో రిటైర్డ్ టీచర్, వీడియో కాల్‌లో మనవళ్ళతో ఇంగ్లీషు మాట్లాడి వాళ్ళకు తెలుగు అవసరం లేకుండా చేస్తున్నారేమో ఒకసారి చూసుకోండి.

ఇంకా పై తరాల్లో ఏమవుతుందంటారా? మారిషస్‌కు 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి పోయిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, కానీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. భాష పోయిందని ఏడవాలో, పండగ నిలిచిందని సంతోషించాలో మీరే చెప్పండి. నాకు మాత్రం మాట పోతే చాలానే పోయినట్టు, ఆ విషయంలో మీ బాధ నాకు అర్థమవుతుంది. ఇంకో వైపు సింహళం చూడండి. అక్కడి తేయాకు తోటల్లో తరాలుగా తమిళమే మాట్లాడుతూ ఉన్న లక్షల మందిని 1948 చట్టం ఏ దేశానికీ చెందనివాళ్ళను చేసింది. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, అక్కడి ప్రధాని సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకుని మీకు ఇంతమంది, మాకు ఇంతమంది అని 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది అక్కడికి అని పంచుకున్నారు. భాష నిలుపుకున్నా కాగితం లేకపోతే గతి అది. అందుకే పిల్లల కాగితాలు పక్కాగా ఉంచమని నేను సతాయిస్తుంటాను.

ఒడిశావాళ్ళ మాట. మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. మీ పోస్టులోనే, అబ్బాయి ఉండే వీధిలో అంతా మన తెలుగువాళ్ళేననీ, గుడి దగ్గరేననీ, ఉలవచారు దాకా దొరుకుతుందనీ సంతోషంగా రాశారు. చెరువుగట్టు మీద రేకుల షెడ్డులో ఉండి రాత్రంతా ఏరేటర్లు కాపలా కాసి, పొద్దున్నే మేత చల్లి, చెక్ ట్రేలు ఎత్తి చూసే కుర్రాడు తన ఊరివాళ్ళతో తన భాష మాట్లాడుకుంటే మాత్రం మనలో కలవడం లేదంటున్నాం. అతను పరాయి దేశంవాడు కూడా కాదు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు 19వ అధికరణం కింద మీకెంత ఉందో అతనికీ అంతే ఉంది. యజమాని అతనితో మాట్లాడేదే వచ్చీరాని హిందీలో, ఇక తెలుగు ఎవరితో నేర్చుకోవాలి? చీమకుర్తి గ్రానైట్ పని మీద వచ్చి భార్యాపిల్లలతో కాపురం పెట్టినవాళ్ళను చూడండి. వాళ్ళ పిల్లలు మన బడుల్లో చదివి మనకంటే ధాటిగా తెలుగు మాట్లాడుతున్నారు. కాపురం పెట్టే వీలున్నచోట కలుస్తారు, షెడ్డులో పెడితే కలవరు. డల్లాస్‌లో మీవాడు కలిసినా కలవకపోయినా ఆ లెక్కే.

అన్నట్టు మీ ఉలవపాడు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. అన్నిసార్లూ మీ చిరునామా మారింది, మీ తోట కాయలు ఉలవపాడు కాయలుగానే అమ్ముడుపోయాయి. జిల్లా వేరు, దేశం వేరు, ఒప్పుకుంటాను. ఊరికే గుర్తొచ్చి రాశాను.

ప్రమాణానికి వెళ్ళే విషయం. విజిటర్ వీసా ఉందన్నారు, కుటుంబసభ్యులను లోపలికి రానిస్తారు, వెళ్ళండి. ఆ రోజు అక్కడ నానా దేశాలవాళ్ళూ కొత్త బట్టలేసుకుని వరసగా నిలబడి ఉంటారు, తల్లిదండ్రులు రాని పిల్లలే ఎక్కువ. మీకు నచ్చకపోతే నచ్చలేదని ఇంటికొచ్చాక ఆయనతో చెప్పండి, ఫోనులో కాదు.

టికెట్టు తీసుకునేలోపు తోట దస్తావేజులు, పాస్‌బుక్, 1బి (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) పట్టుకుని ఎవరైనా వకీలు దగ్గరికెళ్ళి వీలునామా రిజిస్టర్ చేయించండి. తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి కాయ కోతకొస్తుంది, వ్యాపారుల బేరాల్లో పడి మర్చిపోతారు.